ఎక్సెల్ ఎక్కడ నేర్చుకోవాలి: కాలేజీ పేపరా, ఊళ్లో సెంటరా, అమీర్‌పేటా, ఆన్‌లైనా?

డిగ్రీ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే: "కాలేజీలో ఎక్సెల్ పేపర్ ఉందట, అది చాలా? బయట ఎక్కడైనా చేర్పించమంటారా?" నేను ఓ ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. ఉద్యోగం కోసం వచ్చే కొత్తవాళ్లను సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, ఒక ఫైల్ ఇచ్చి చూసే పని చాలా ఏళ్లుగా నాదే. ఏ కోర్సు చేసినవాళ్లు ఎక్కడ ఆగిపోతారో దగ్గర్నుంచి చూశాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ ఫైల్ గురించి చెప్తాను. ఓ కొట్టు కొనుగోళ్ల జాబితా అది. నాలుగు వందల వరసలు. ఒకే పార్టీ పేరు మూడు రకాలుగా ఉంటుంది. ఒకచోట "శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్", ఇంకోచోట "ఎస్.వి. ట్రేడర్స్", మరోచోట మొదటి పేరే, కానీ చివర కంటికి కనిపించని స్పేస్ ఒకటి. తేదీలు కొన్ని సెల్‌లో కుడివైపు, కొన్ని ఎడమవైపు. అడిగేది ఒక్కటే: ఏ పార్టీ దగ్గర మొత్తం ఎంత కొన్నారు? అరగంట టైమ్.

సర్టిఫికెట్లతో వచ్చినవాళ్లలో చాలామంది గబగబా వీలుకప్ కొడతారు. ఒక పేరును జాబితాలో వెతికి, దాని పక్కనున్న వివరం తెచ్చే ఫంక్షన్ అది. దొరకలేదన్నట్టు ఎన్ఏ అని వస్తుంది. మళ్లీ కొడతారు, మళ్లీ అదే. టెన్షన్ మొదలవుతుంది. ఒకసారి వచ్చిన ఓ అమ్మాయి మాత్రం ఫార్ములా జోలికే పోలేదు. తప్పు వస్తున్న సెల్ మీదకెళ్లి ఎఫ్‌2 నొక్కింది. కర్సర్ ఆఖరి అక్షరం పక్కన కాకుండా కాస్త ఎడంగా మిణుకుమంటోంది. "సార్, ఇక్కడ ఖాళీ ఒకటి ఎక్కువుంది" అంది. పక్క కాలమ్‌లో అనవసరమైన ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫంక్షన్ పెట్టి పేర్లన్నీ శుభ్రం చేసింది, పొట్టి పేర్లను పూర్తి పేర్లకు మార్చింది, ఆ తర్వాత పార్టీల వారీగా మొత్తాలు కూడి చూపే పివట్ టేబుల్ వేసింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ అమ్మాయి నేర్చుకున్నది మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో. వాళ్ల లెక్చరర్ పుస్తకంలో ఉదాహరణలు పక్కనపెట్టి, హాస్టల్ మెస్ లెక్కల మీద సెమిస్టరంతా పని చేయించారట.

అందుకే కోర్సు పేరు, సర్టిఫికెట్ మీద హోలోగ్రామ్ చూసి ఎంచుకోవద్దంటాను. నిజమైన, గజిబిజి డేటా మీద మీ చెయ్యి ఎన్ని గంటలు పడుతుంది? అన్ని ఎంపికలనూ నేను తూచేది ఈ తక్కెడలోనే.

చేరేముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఒక్కో విద్యార్థికి ఒక్కో సిస్టమ్ దొరుకుతుందా అన్నది. ఇద్దరు ముగ్గురు ఒక సిస్టమ్ ముందు కూర్చుంటే కీబోర్డు ఒకరి చేతిలో ఉంటుంది, మిగతావాళ్లు సినిమా చూసినట్టు చూస్తారు.

రెండోది సాఫ్ట్‌వేర్, దాని వెర్షన్. వీలుకప్ చేసే పనికే వచ్చిన కొత్త ఫంక్షన్ ఎక్స్‌లుకప్ ఎక్సెల్ 2021లో, మైక్రోసాఫ్ట్ 365లో ఉంటుంది. 2016, 2019 వెర్షన్లలో ఉండదు. ఆ రెండు పాత వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరులో ముగిసింది, అయినా మన దగ్గర చిన్న ఆఫీసుల్లో అవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి ఎక్స్‌లుకప్‌తో పాటు వీలుకప్, అలాగే వెతికిపెట్టే ఇండెక్స్-మ్యాచ్ కూడా నేర్పే చోటు కావాలి. కొన్నిచోట్ల ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ కాల్క్ మీద నేర్పుతారు. అది తక్కువేం కాదు. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, ఫార్ములాలు చాలావరకు ఒకటే. అయితే మెనూలు వేరు, ఫైళ్లను తెచ్చి, కలిపి, శుభ్రం చేసే పవర్ క్వెరీ ఎక్సెల్‌లో ఉంటుంది, అందులో ఉండదు.

మూడోది, దేని మీద సాధన చేయిస్తారన్నది. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. రాము, సోము, గీత అని పది పేర్లు, మూడు సబ్జెక్టుల మార్కులు, చివర టోటల్, ర్యాంకు. ఈ షీట్ మీదే నెలంతా గడిపే కోర్సులు ఉన్నాయి. ఆఫీసులో అలాంటి షీట్ ఎవరూ ఇవ్వరు.

నా అనుభవమే చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్లయింటు జీతాల బదిలీ జాబితా తయారుచేయమన్నారు. ఖాతా నంబర్లు వరసగా టైప్ చేసుకుంటూ పోయాను. కొన్ని ఖాతాలకు 16 అంకెలు ఉన్నాయి. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలనే ఉంచుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది. నాకది తెలియదు. పైగా పెద్ద సంఖ్య కాబట్టి సెల్‌లో 4.56 ఈ ప్లస్ 15 అన్నట్టు కనిపిస్తే, సెల్ ఫార్మాట్ మార్చి పూర్తి సంఖ్య కనిపించేలా చేసి, సరైపోయిందనుకున్నాను. బ్యాంకు ఆ ఖాతాలను వెనక్కి పంపింది. నెలాఖరున పదకొండు మందికి జీతాలు రెండు రోజులు ఆలస్యమయ్యాయి. అందులో ఒకాయన ఇంటి అద్దె కట్టాల్సిన రోజది. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి ఉంటే, లేదా నంబర్ ముందు ఒక్క అపాస్ట్రఫీ పెట్టి ఉంటే అదంతా జరిగేది కాదు. నేను డబ్బు కట్టి చేసిన కోర్సులో చార్టులకు రంగులు మార్చడం మూడు రోజులు నేర్పారు, ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నాలుగోది పరీక్ష. రాతపరీక్షలో "ఎక్సెల్ ప్రయోజనములు వ్రాయుము" అని అడిగే కోర్సుకీ, ఫైల్ ఇచ్చి జవాబు రాబట్టమనే కోర్సుకీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా.

డబ్బు, సమయం గురించి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఫీజు ఒక్కటే లెక్క వేసుకోకండి. హైదరాబాద్ వెళ్తే హాస్టల్, భోజనం కూడా కోర్సు ఖర్చే.

| ఎంపిక | సిస్టమ్ మీద సమయం | ఎక్కువగా వాడేది | ఖర్చు | బలహీనత |
|---|---|---|---|---|
| కాలేజీ స్కిల్ పేపర్ | ల్యాబ్‌ను బట్టి | కాలేజీలో ఉన్న పాత ఎక్సెల్ లేదా కాల్క్ | విడిగా దాదాపు ఉండదు | నేర్పే లెక్చరర్ మీదే అంతా ఆధారం |
| ఊళ్లో కంప్యూటర్ సెంటర్ | రోజుకు గంట, క్రమం తప్పకుండా | ఎక్సెల్, ట్యాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) | కొన్ని వేలు | పాత సిలబస్ |
| అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ | క్లాసులో తక్కువ, సొంత ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కువ | కొత్త ఎక్సెల్, పవర్ క్వెరీ, పవర్ బీఐ (డేటాను చార్టులుగా చూపే సాఫ్ట్‌వేర్) | ఫీజు, హాస్టల్, భోజనం | వేగం ఎక్కువ, పునాది లేకపోతే కష్టం |
| ఉచిత ఆన్‌లైన్ | మీ ఇష్టం | మీ దగ్గర ఏది ఉంటే అది | ఇంటర్నెట్ | అడిగేవాళ్లు, దిద్దేవాళ్లు ఉండరు |

కాలేజీ పేపర్

చాలామంది దీన్ని తేలిగ్గా తీసిపారేస్తారు. నేను తీసిపారేయను. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ వాళ్లకు కోర్సులోనే కంప్యూటర్ పేపర్లు ఉంటాయి. మిగతా గ్రూపులవాళ్లకు స్కిల్ పేపర్‌గానో, వాల్యూ యాడెడ్ కోర్సుగానో ఎక్సెల్ దొరుకుతుంది. మార్కుల జాబితాలో కనిపిస్తుంది, విడిగా ఫీజు భారం ఉండదు, స్నేహితులు పక్కనే ఉంటారు.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, చాలామంది అడగరు. ఈ పేపర్ క్రెడిట్లు థియరీవా, ప్రాక్టికల్‌వా? యూజీసీ లెక్క ప్రకారం ఒక థియరీ క్రెడిట్ అంటే సెమిస్టర్‌కు 15 గంటలు, ఒక ప్రాక్టికల్ క్రెడిట్ అంటే 30 గంటలు. అంటే 2 క్రెడిట్ల పేపర్ థియరీ అయితే 30 గంటలు బోర్డు చూస్తారు, ప్రాక్టికల్ అయితే 60 గంటలు ల్యాబ్‌లో కూర్చుంటారు. పేరు ఒకటే, చేతికొచ్చే విద్యలో సగానికి సగం తేడా. సీనియర్లను అడిగితే ల్యాబ్ నిజంగా తెరుస్తారో లేదో కూడా చెప్పేస్తారు.

థియరీ పేపరే అయినా తీసుకోండి. కానీ అదొక్కటే సరిపోతుందనుకోకండి. లెక్చరర్ దగ్గరికి వెళ్లి, "సార్, మా డిపార్ట్‌మెంట్ అటెండెన్స్ షీట్ మేం తయారుచేస్తాం" అనండి. చాలామంది లెక్చరర్లు సంతోషంగా ఒప్పుకుంటారు. నాలుగు సెక్షన్ల అటెండెన్స్ ఒక్క షీట్‌లోకి తెచ్చి, 75 శాతం కన్నా తగ్గినవాళ్లను ఎర్రగా చూపించారంటే లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్, షరతును బట్టి రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్, షీట్ల మధ్య లింకులు ఒకే దెబ్బకు వచ్చేస్తాయి.

ఊళ్లో కంప్యూటర్ సెంటర్

బస్టాండ్ పక్కనో, కాలేజీ రోడ్డులోనో మేడమీద ఉండే సెంటర్లు. డీసీఏ, పీజీడీసీఏ అనే కంప్యూటర్ డిప్లొమాల బోర్డులు, ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ కలిపి మూడు నెలలో, ఆరు నెలలో. వీటిలో మంచి విషయం క్రమం. రోజూ అదే టైమ్‌కి వెళ్తారు, అదే సీటులో కూర్చుంటారు, అర్థం కాకపోతే పక్కనే ఉన్న సార్‌ని పిలుస్తారు. మౌస్ పట్టుకోవడమే కొత్త అయినవాళ్లకు ఇంతకన్నా మంచి మొదలు లేదు. ట్యాలీతో కలిపి నేర్పడం కూడా కలిసొస్తుంది. మన జిల్లా కేంద్రాల్లో అకౌంటెంట్ ఉద్యోగమంటే ట్యాలీలో ఎంట్రీ, అక్కణ్నుంచి ఎక్సెల్‌లోకి ఎగుమతి, ఆ తర్వాత సరిపోల్చడం.

చిక్కల్లా ఆ చివరి పనిలోనే. జీఎస్టీ పోర్టల్ ప్రతి నెలా ఇచ్చే జీఎస్‌టీఆర్-2బి స్టేట్‌మెంట్‌ను (మనకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) కొనుగోళ్ల రిజిస్టర్‌తో సరిచూడటం ఈ రోజుల్లో అకౌంట్స్ పిల్లల చేతికి వచ్చే మొదటి పని. అమ్మినవాళ్లు బిల్లు నంబర్ 007 అని పెడతారు, మనవాళ్లు 7 అని కొడతారు. బిల్లు నంబర్ 7/24 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది. రెండు జాబితాలూ కలవవు. సెంటర్‌లో చేరేముందు "2బి సరిచూడటం చేయిస్తారా?" అని అడగండి. అవునంటే చేరిపోండి. అదేంటని ఎదురడిగితే, అక్కడ టైపింగ్, వర్డ్, ట్యాలీ నేర్చుకుని ఎక్సెల్‌కు ఇంకో దారి చూసుకోండి.

అమీర్‌పేట

మైత్రీవనం చుట్టూ ఉన్న గల్లీల్లో అడ్వాన్స్‌డ్ ఎక్సెల్, ఎంఐఎస్ (కంపెనీకి రిపోర్టులు తయారుచేసే పని), వీబీఏ (ఎక్సెల్‌తో పనులు వాటంతటవే జరిగేలా రాసే కోడ్), పవర్ బీఐ అంటూ ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, డేటా అనలిస్ట్ లాంటి ఉద్యోగాలు చూసుకునేవాళ్లకు ఇది సరైన చోటు. పవర్ క్వెరీ ఒక్కటి బాగా నేర్పినా డబ్బు గిట్టుబాటు అయినట్టే. పన్నెండు నెలల ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో పెడితే అన్నీ కలిపి ఒక టేబుల్ చేసేది అదే. పదమూడో నెల ఫైల్ వేసి రిఫ్రెష్ నొక్కితే చాలు. చేత్తో కాపీ, పేస్ట్ చేస్తూ రోజంతా కూర్చునే పని రెండు నిమిషాల్లో అవుతుంది.

అయితే అక్కడ బ్యాచ్ వేగంగా నడుస్తుంది. డాలర్ గుర్తు పెడితే సెల్ అడ్రస్ ఎందుకు కదలదో తెలియకుండా వెళ్తే రెండో వారానికే వెనకబడతారు. ల్యాప్‌టాప్ లేకుండా వెళ్లడం కూడా నేను ఒప్పుకోను. నోట్స్ రాసుకుని రూముకొచ్చి చదివితే వచ్చే విద్య కాదిది. డెమో చెప్పిన సార్ వేరు, బ్యాచ్ తీసుకునే సార్ వేరు కావచ్చు. ముందే అడిగి తెలుసుకోండి. వీబీఏ మాక్రోల కోసమైతే మొదటి ఉద్యోగానికి ముందే పరుగెత్తక్కర్లేదు.

ఉచితంగా ఆన్‌లైన్‌లో

ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చాలామందికి తెలియదు, అది నాకు బాధగా ఉంటుంది. లిబ్రేఆఫీస్ కాల్క్ మీద చిన్న చిన్న పాఠాలు, ఒక్కోటి పది నిమిషాల చుట్టూ, తెలుగులో కూడా ఉన్నాయి. తెరలో సగంలో వీడియో, మిగతా సగంలో కాల్క్ తెరుచుకుని, ఆపుతూ చేస్తూ వెళ్లేలాగే వాటిని తయారుచేశారు. ఇంగ్లిష్‌లో వినడం కష్టమయ్యే పిల్లలకు ఇది పెద్ద దన్ను.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల పోర్టల్ స్వయంలో కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చేసి క్రెడిట్లు కలుపుకునే వీలుంది, అయితే మీ యూనివర్సిటీ ఆ కోర్సును ఒప్పుకోవాలి. కట్టేముందు పరీక్షల విభాగంలో కనుక్కోండి.

యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు బోలెడు. కాకపోతే ఇవాళ పివట్, రేపు చార్టు, ఎల్లుండి "పది ట్రిక్కులు" అన్నట్టు తెగిన దారపు ముక్కల్లా ఉంటాయి. ఒకరి ప్లేలిస్ట్ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్లినవాళ్లకే ఉపయోగం. ఇప్పుడు ఫార్ములా కావాలంటే ఏఐని అడిగినా రాసిస్తుంది. కానీ వచ్చిన జవాబు సరైనదో కాదో పసిగట్టాల్సింది మీరే. దానికి పది వరసలు చేత్తో కూడి చూసే అలవాటు కావాలి.

సర్టిఫికెట్ పరీక్షల మాట

కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వాళ్ల సీసీసీ కంప్యూటర్ ప్రాథమికాల మీద 80 గంటల కోర్సు, పరీక్షలో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. అందులో స్ప్రెడ్‌షీట్ ఒక అధ్యాయం మాత్రమే, అదీ లిబ్రేఆఫీస్ కాల్క్ మీద. కంప్యూటర్ పరిజ్ఞానం సర్టిఫికెట్ అడిగే ఉద్యోగాలకు పనికొస్తుంది కానీ ఎక్సెల్ రావాలంటే చాలదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్ పరీక్ష వేరే తరహా. ఎక్సెల్‌లోనే పనులిచ్చి చేయిస్తుంది, 1000కి 700 రావాలి. దానికి సిద్ధమయ్యే క్రమంలో నిజంగానే నేర్చుకుంటారు, కానీ ఫీజు బరువే. చిన్న ఆఫీసుల్లో దాన్ని ఎవరూ అడగరు. కార్పొరేట్ కంపెనీలకు రెజ్యూమె పంపేవాళ్లకైతే మాట వేరు.

ఎవరికి ఏది

బీకాం ఆఖరి ఏడాదిలో ఉండి, సొంత జిల్లాలోనే అకౌంట్స్ ఉద్యోగం చూసుకునేవాళ్లు కాలేజీ పేపర్‌తో పాటు ఊళ్లో మంచి సెంటర్‌లో ట్యాలీ, ఎక్సెల్ చేయండి. అమీర్‌పేట అవసరం లేదు. ఆ హాస్టల్ డబ్బుతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కుంటే ఎక్కువ లాభం.

హైదరాబాద్‌లో ఎంఐఎస్, అనలిస్ట్ ఉద్యోగమే కావాలంటే ముందు రెండు నెలలు ఇంట్లో పునాది వేసుకుని, పివట్, లుకప్‌లు వచ్చాక అమీర్‌పేట బస్సెక్కండి. తిరగేసి చేసినవాళ్లు డబ్బు రెండుసార్లు కట్టడం చూశాను.

గ్రూప్స్‌కి చదివేవాళ్ల లెక్క వేరు. ఏపీపీఎస్సీ గ్రూప్-2 లాంటి నియామకాల్లో కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ ఉంది, ఎక్సెల్ దాంట్లో భాగం. మెయిన్స్ రాసి అలసిపోయాక దీనికోసం హడావిడి పడకుండా, ఇప్పట్నుంచే వారానికి రెండు రోజులు కాలేజీ ల్యాబ్‌లోనో, దగ్గర్లోని సెంటర్‌లోనో కూర్చోండి. మెయిన్స్ దాకా వచ్చి ఇక్కడ ఆగిపోతే ఆ నష్టం చెప్పలేం.

పిల్లలు స్కూలుకు వెళ్లే వయసొచ్చాక మళ్లీ ఉద్యోగం చేద్దామనుకునే ఆడవాళ్లు చాలామంది అడుగుతుంటారు. వాళ్లకు నా సలహా ఊళ్లో సెంటర్, మధ్యాహ్నం బ్యాచ్. ఇంట్లో ఆన్‌లైన్ అంటే మధ్యలో కుక్కర్, కాలింగ్ బెల్, అత్తగారి మందులు, ఏదో ఒకటి వచ్చి పడుతుంది. ఆ గంట బయట కూర్చుంటే అది పూర్తిగా మీది.

ఇక చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేనివాళ్లు. గూగుల్ షీట్స్ ఫోన్‌లో నడుస్తుంది, ఇంటి ఖర్చులు రాసుకుంటూ సమ్, ఇఫ్ దాకా రావచ్చు. కానీ చిన్న తెర మీద పివట్ వేయడం, రెండు షీట్లు పక్కపక్కన చూడటం నరకం. మీకు కాలేజీ పేపరే బంగారం. ల్యాబ్ ఖాళీగా ఉండే పీరియడ్లు కనుక్కుని, ల్యాబ్ అసిస్టెంట్ గారిని మంచి చేసుకుని, వారానికి నాలుగు గంటలు అక్కడే గడపండి.

డెమోకి వెళ్లిన రోజు

సెంటరైనా, ఇన్‌స్టిట్యూట్ అయినా మూడు ప్రశ్నలు జేబులో వేసుకుని వెళ్లండి. మొదటిది: 1,234,567 అని వస్తున్న సంఖ్యను మన పద్ధతిలో 12,34,567 అని కామాలతో ఎలా చూపించాలి? విండోస్ ప్రాంతీయ సెట్టింగ్‌ను ఇండియాకు మార్చాలనో, కస్టమ్ ఫార్మాట్ రాయాలనో చెప్పారంటే ఆయన మన లెక్కలతో పనిచేసిన మనిషి. రెండోది: ఒకే కాలమ్‌లో 12వ తేదీ దాకా కుడివైపు, 13 నుంచి ఎడమవైపు ఎందుకు కనిపిస్తున్నాయి? సిస్టమ్ అమెరికా పద్ధతిలో నెల ముందు చదువుతోంది, పదమూడో నెల లేదు కాబట్టి వాటిని మామూలు అక్షరాలుగా వదిలేసింది, కుడివైపున్నవి కూడా తప్పు తేదీలే అయ్యుండొచ్చని ఆయన హెచ్చరించాలి. మూడోది పదహారు అంకెల ఖాతా నంబర్.

తర్వాత ల్యాబ్ చూపించమనండి. ఏదో ఒక సిస్టమ్‌లో ఎక్సెల్ తెరిచి, ఫైల్ మెనూలో అకౌంట్ దగ్గర ఏ వెర్షనో చూడండి. బ్యాచ్‌లో ఎంతమంది, సిస్టమ్‌లు ఎన్ని అని అడగడమే కాదు, మీరే లెక్కపెట్టండి. ఫీజు సంగతి ఆ తర్వాత మాట్లాడండి.